కుట్టుబూజు

గుప్పెడు మట్టిని రెండు చేతులతో పట్టుకుని నీలమ్మ ఉన్న బలమంతా పెట్టి లాగింది. తెగలేదు. పాత గోనెసంచిలా సాగి, చేతులు వదలగానే మళ్లీ ముద్దయింది. దాన్లోంచి నీళ్లు మాత్రం ధారకట్టి ఆమె చెప్పుల్లోకి కారాయి.

నాలుగేళ్ల కిందట మట్టి ఇలాగే తెగకపోతే ఈ ప్రయోగశాలలో అందరికీ మిఠాయి పంచారు. ఈరోజు అదే మట్టి తెగకపోయేసరికి ఆమెకి ఒళ్లంతా చెమట పట్టింది.

మన్యంలో చలి చచ్చిపోయి అప్పటికి పదిహేనేళ్లు. పుష్యమాసంలో గడ్డి మీద తెల్లగా మంచు పేరుకునేదంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. ముందు కాఫీ తోటలు ఎండాయి, తర్వాత వాటికి నీడనిచ్చిన చెట్లు ఎండాయి. వాన ఆర్నెల్లకోసారి మొహం చూపించి, చూపించినప్పుడు నెలరోజుల వానని ఒక్కపూటలో దిమ్మరించి పోవడం మొదలెట్టింది. పట్టుకునే వేళ్లు లేక కొండలు జారాయి. మూడు ఊళ్లు మట్టిలో కలిశాయి. పనసగొంది అనే ఊరి నుంచి గడ్డి కోసుకొస్తానని వెళ్లిన ఒకావిడ మళ్లీ రాలేదు, శవం కూడా దొరకలేదు. ఆవిడ కూతురే నీలమ్మ. అప్పటికి డిగ్రీ చదువుతోంది. ఆ కసి కడుపులో పెట్టుకుని పై చదువులు చదివింది, బూజుల మీద పరిశోధన చేసింది, చివరికి మట్టి రేణువుల్ని సన్నటి దారాలతో ఒకదానికొకటి కుట్టేసే బూజుని పుట్టించింది. కాగితాల్లో దానికేదో గంభీరమైన సంస్కృతం పేరుంది. ఊరి ఆడవాళ్లు కుట్టుబూజు అన్నారు, ఆ పేరే నిలిచింది.

కుట్టింది, కాదనడానికి లేదు. ఊరికెదురుగా ఉన్న ముసలమ్మ మెట్ట మీద చల్లిన నాటినుంచి ఆ కొండ ఒక్క బుట్టెడు మట్టి రాల్చలేదు. కానీ నీళ్లు రాల్చడం కూడా మానేసింది. బూజు తాగిన నీరు బూజు దగ్గరే ఉండిపోయింది. కొండ అడుగున తాతల నాటినుంచి పారిన ఊట మొదటి ఏడే చుక్కలయింది, రెండో ఏడు తడి మచ్చయింది. నాలుగో ఏట, ఈ చైత్రంలో, ఎవరూ పిలవని వాన వచ్చి రెండ్రోజులు ఏకధాటిగా కురిసింది. ఆ నీళ్లలో కొండకీ ఊరికీ మధ్య పారే గెడ్డలోకి దిగినవి పిడికెడు. మిగతావన్నీ కొండ కడుపులో ఉన్నాయి.

నీలమ్మ ఆ మట్టిముద్దని తీసుకెళ్లి డైరెక్టర్ చక్రపాణి బల్లమీద పెట్టింది. ఆయన కాగితాలు పక్కకి జరుపుకున్నాడు.

“కొండలో దింపిన గొట్టాలు ఎనభై. డెబ్భై ఆరింటిలో నీటి ఒత్తిడి ఎర్రగీత దాటేసింది సార్.”

“వానకి సెన్సార్లు తడిసి ఉంటాయమ్మా.”

“తడి కొలవడానికేగా సార్ వాటిని పెట్టింది!”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కోపం వచ్చినప్పుడు ఆయన చేసే మొదటి పని అది.

“పొద్దున్న అంచు దగ్గర తవ్వించి చూశాను. బూజు దిగినంత మేర మట్టి ఒకే గుడ్డలా ఉంది. దాని కింద జిగటమన్ను. ఆ రెండిటి మధ్య నీళ్లు పారుతున్నాయి. ఇదివరకు ఓ పక్క బండెడు, ఓ పక్క బండెడు జారి కొండ బరువు దించుకునేది సార్. మనం కుట్టేశాం. ఇప్పుడు జారితే మొత్తం ఒక్కసారే జారుతుంది.”

“ఎప్పుడు?”

“సాయంత్రం దాకా ఆగితే గొప్ప. ఊరు గెడ్డకి ఇవతల మిట్ట మీద ఉంది, దానికి భయం లేదు. కానీ కొండమీద ముప్పై ఒక్కమంది ఉన్నారు. ఇటికల పండగ వేటకి నాలుగు రోజుల కిందట ఎక్కారు, ఇంకా దిగలేదు. సైరన్ వేయించండి, పోలీసుల్ని పంపించండి.”

“రేపు ఢిల్లీ నుంచి బృందం వస్తోంది. ఈ బూజుని హిమాలయాల్లో చల్లుదామని వస్తున్నారు. వాళ్లకి సైరన్ మోగించి స్వాగతం చెప్పనా? అక్కడికి ఎక్కొద్దని బోర్డు పెట్టాం. ఎక్కారు. మన ప్లాట్లు తగలబెట్టిన మూకే కదా! వాళ్ల ఖర్మ వాళ్లది.”

“మా అన్న ఉన్నాడు సార్ అందులో.”

“తెలుసు. ఆయన మీద కేసు పెడుతూ సంతకం చేసింది మీరేగా?”

ఆయన అన్నది అక్షరాలా నిజం. ఊట ఎండిపోయాక అన్న దొన్ను ఆమె దగ్గరకి మూడుసార్లు వచ్చాడు. బూజు చల్లడం ఆపించమన్నాడు, కనీసం ఊట తలని వదిలేయమన్నాడు. కొన్నాళ్లు ఓర్చుకో అంది ప్రతిసారీ. నాలుగోసారి అతను అడగలేదు, పోడుకి పెట్టినట్టు ప్రయోగం మడులకి నిప్పు పెట్టాడు. ఆమె సంతకం చేసింది. ఐదు నెలలు జైల్లో ఉన్నాడు. విడుదలైన రోజున గేటు దగ్గరకి వెళ్లి నిలబడితే, పక్కనుంచి నడిచి వెళ్లిపోయాడు, తలైనా తిప్పలేదు. అది జరిగి రెండేళ్లు. ఒకే కొండకి ఎదురెదురుగా ఉంటూ అన్నాచెల్లెళ్లు అప్పటినుంచి ఒక్క మాట అనుకోలేదు.

“మట్టి తీసేయండి, బల్ల పాడవుతోంది” అన్నాడు చక్రపాణి.

ఆమె తియ్యలేదు. జీపు తాళాలు తీసుకుని బయటికి నడిచింది.

పనసగొంది పొలిమేరలో ఆడవాళ్లు దారికి అడ్డంగా తాడు కట్టి ఉన్నారు. ఇటికల పండగ నాళ్లలో ఆ ఊళ్లో మగవాళ్లెవరూ ఉండరు, రాజ్యమంతా ఆడవాళ్లదే. మగవాళ్లు విల్లంబులూ బరిసెలూ పట్టుకుని కొండెక్కుతారు. జంతువుని కొట్టి కావడికి వేలాడదీసుకుని దిగితే డప్పులతో ఎదురెళ్లి కాళ్లు కడుగుతారు. ఒట్టి చేతులతో దిగాడా, అయిపోయాడే! ముంతల్లో కలిపి ఉంచిన పేడనీళ్లు నెత్తిన పోసి, ఏడాదిపాటు మరిచిపోలేని పాటలు పాడతారు. అడవి నిండా జంతువులున్న రోజుల్లో అదో సరదా. జంతువులు ఎండలకి చచ్చినవి చచ్చి, మిగిలినవి వలసపోయాక అది సరదాగా లేదు. కిందటేడు మగవాళ్లు ఆరు రోజులు కొండమీద ఉండి ఒక్క అడవికోడితో దిగారు. ఆ సరదా పోయాక ఒట్టి చేతులతో దిగిన మగవాడు మాత్రం ఆ ఊళ్లో లేడు.

“ఓలమ్మా, ఎవులొచ్చినారో సూడండర్రా! కొండని కుట్టీసిన దరిజీ అమ్మ!” అంది ఎవరో. అందరూ ఘొల్లుమన్నారు.

నీలమ్మ జీపు దిగింది. తాడు దగ్గర నిలబడ్డది ఆమె వదిన, దొన్ను పెళ్లాం కాసులమ్మ. చంకలో ముంత ఉంది.

“వొదినా, నీతో మాట్లాడాలి.”

“ఒట్టిసేతుల్తోనే వొచ్చినావా? మా ఊట ఏదీ, తేనేదా?” అని, కాసులమ్మ ముంతెత్తి పేడనీళ్లు ఆడబిడ్డ నెత్తిమీద పోసింది.

నవ్వులు ఆగిపోయాయి. సరదాకి పోసింది కాదని అందరికీ తెలిసింది. నీలమ్మ కళ్లు తుడుచుకుంది. పేడ వాసన ముక్కులో పొడుస్తుంటే చెప్పాల్సింది గబగబా చెప్పేసింది. కొండ నిండిపోయిందనీ, సాయంత్రంలోగా జారుతుందనీ, తప్పు తనదేననీ.

“నాలుగేల్ల కితం బడి అరుగుమీద నిలబడి ఏటన్నావు?” అంది కాసులమ్మ. “ఈ కొండ ఇంక కదల్దు, నాది పూసీ అన్నావు. ఊట పోనాదని నీ అన్న నీ గుమ్మంలో కూకుంటే ఓర్సుకోమన్నావు. ఆడు కడుపుమండి నిప్పెడితే జైలుకంపినావు. నాను పిల్లల్నేసుకుని రెండు కొండలవతలనించి నీల్లు మోసినాను. ఇప్పుడొచ్చి అదే కొండ కదుల్తాదంటే, ఏ నోటిమాట నమ్మాల? ఆ నోటిదా, ఈ నోటిదా?”

“కొండనాలికకి మందేస్తే ఉన్న నాలిక ఊడినట్టుంది నీ సదువు” అంది వెనకనించి ఒక ముసలావిడ.

“నన్ను తిట్టండి, కొట్టండి, తర్వాత! ముందు వాళ్లని దించండి. ఎవరికైనా ఫోన్ చెయ్యండి.”

“ఏటకి ఫోనట్టుకెల్తారేటి? అన్నీ ఇల్లల్లోనే ఉన్నాయి.”

“అయితే నువ్వు రా వొదినా. నువ్వు పిలిస్తే వస్తాడు.”

“ఆడది ఏటదారి తొక్కితే ఆ ఏడు ఏట సచ్చిపోద్ది. అవి నీకు తెల్దా, నువ్వీ ఊల్లో పుట్టలేదా? అయినా నాను పిలిస్తే మాత్రం? దేముడు దిగొచ్చి పిలిసినా ఒట్టిసేతుల్తో దిగరు. ఒక్క జంతువు పడాల. పడితే గంటలో ఇక్కడుంటారు. పడకపోతే రేపూ రారు, ఎల్లుండీ రారు. ఎల్లిపో. నీ మొహం సూస్తే నాకు ఒల్లు మండిపోతాది.”

నీలమ్మ ఇంకా బతిమాలేదే. కానీ వదిన అన్న మాటల్లో ఒక మాట ఆమెని పట్టుకుంది. ఒక్క జంతువు పడాల.

జంతువు ఆమె దగ్గర ఉంది.

ప్రయోగశాల వెనక కంచెలో ఒక కొండగొర్రె ఉంది. జింకజాతిది, మేకంత ఉంటుంది. బూజు పట్టిన నేలలో మొలిచిన గడ్డి తింటే జంతువులకేమైనా అవుతుందేమో చూడ్డానికి ఓ జతని పెంచారు. పోతు కిందటేడు ఎండలకి పోయింది. పెంటి మిగిలింది. ముసలమ్మ మెట్ట మీద పుట్టిన కొండగొర్రెల్లో బహుశా అదే ఆఖరిది. తల్లి లేని కూనగా దొరికితే నీలమ్మ మూణ్నెల్లు సీసాతో పాలు పట్టింది. ఆమె గొంతు వింటే కంచె దగ్గరకి పరుగెత్తుకొచ్చి అరచెయ్యి నాకేది.

ఆ రోజూ వచ్చి నాకింది. నీలమ్మ దాని చెవికున్న పసుపుపచ్చ బిళ్లని కత్తెరతో కత్తిరించి తీసేసింది, మెడకి తాడు వేసింది, ఎత్తి జీపులో కూర్చోబెట్టింది. ఏడవలేదు. ముప్పై ఒక్కమందికి ఒక్క ప్రాణం, ఇందులో ఆలోచించేదేముందని తనకి తానే పదిసార్లు చెప్పుకుంది. పదిసార్లు చెప్పుకోవాల్సి వచ్చిందంటేనే తెలుస్తోంది కదా.

పాడుబడ్డ కాఫీ తోట దారిలో జీపు పోయినంత దూరం పోయి, అక్కణ్నుంచి కొండగొర్రెని తాడుతో నడిపించుకుంటూ ఎక్కింది. వాన వెలిసి ఎండ కాస్తోంది. కాలు వేసిన చోటల్లా నేల లోపలికి దిగి, తీయగానే పైకి లేస్తోంది. ఎలుక కన్నాల్లోంచి నీళ్లు చిమ్ముతున్నాయి. వెదురు పొదలు నిన్నటికంటే కిందికి వాలి ఉన్నాయి. ఇన్నాళ్లూ ఈ కొండని ఆమె తెరమీద గీతలుగా చూసింది, ఇప్పుడు కాలికింద దాని బరువు తెలిసింది. ఇంకెంత సమయముందో చెప్పడానికి ఏ చదువూ అక్కర్లేదు.

వెదురు పొదల సందులోంచి వాళ్లు కనిపించారు. ఆకుల పాకల దగ్గర కొందరు కూర్చుని ఉన్నారు, కొందరు వరసగా నిలబడి పల్లంలోకి చూస్తున్నారు. నాలుగు రోజుల ఆకలి అందరి మొహాల్లోనూ ఉంది. వాళ్లకి కాస్త ఇవతలగా, ఆమెకి ముప్పై అడుగుల దూరంలో, దొన్ను ఉన్నాడు. విల్లు మోకాళ్లమీద పెట్టుకుని బాణం కొసని రాతిమీద నూరుతున్నాడు. చెవుల దగ్గర జుట్టు తెల్లబడింది. ఇదెప్పుడు తెల్లబడిందో చెల్లెలికి తెలియదు.

అన్నా అని పిలిస్తే వినిపించేంత దూరం. పిలవలేదు. ఆడది వేటదారి తొక్కిందని మిగతావాళ్లు మీదపడతారని తనకి తాను చెప్పుకుంది. అది సాకు. అసలు భయం వేరు. పిలిచాక అతను జైలు గేటు దగ్గరలాగే తల తిప్పకుండా ఉంటే? ఆ పరాభవం రెండోసారి పడే ధైర్యం ఆమెకి లేకపోయింది. ముప్పై ఒక్క ప్రాణాలు కొండమీద ఉన్నప్పుడు కూడా లేకపోయింది. మనిషి ఎంత పిచ్చిదో చూడండి!

తాడు విప్పి కొండగొర్రెని ముందుకి తోసింది. అది నాలుగడుగులు వేసి తిరిగొచ్చి ఆమె చెయ్యి వాసన చూసింది. మళ్లీ తోసింది. మళ్లీ వచ్చింది. నీలమ్మ రాయి తీసి దాని డొక్కలో కొట్టింది. అది బిత్తరపోయి చూసి పొదలు దాటి పరుగెత్తింది. మనుషులంటే భయం తెలియనిది కదా, మనుషులున్న వైపే పోయింది.

ఒక కేక. తర్వాత ముప్పై గొంతులు కేక వేశాయి. డప్పు మోగింది. నీలమ్మ చెవులు మూసుకుని అడ్డదారిన కిందికి పరుగెత్తింది.

గెడ్డ దాటి ఇవతలి గట్టు ఎక్కేసరికి మగవాళ్లు దిగుతూ కనిపించారు. కావడికి కొండగొర్రె వేలాడుతోంది. ఆకలంతా ఏమైపోయిందో, గంతులు వేస్తూ, ఒకరినొకరు తోసుకుంటూ వస్తున్నారు. ఊరి వైపు నుంచి ఆడవాళ్ల డప్పులు కూడా బయల్దేరాయి. పేడనీళ్ల ముంతలు పడేసి కాళ్లు కడిగే నీళ్లు తెస్తున్నారు. రెండు కొండల అవతల నుంచి మోసిన నీళ్లవి. నీలమ్మ గట్టుమీద నిలబడి ఒక్కొక్కరినీ లెక్కపెట్టింది. ముప్పై దగ్గర ఆగిపోయింది. ఆఖరున వచ్చింది బోడన్న, ఊరి పెద్ద, వరసకి చిన్నాన్న.

“చిన్నాన్నా, అన్న ఏడీ?”

ముసలాయన ఆమెని ఎగాదిగా చూశాడు. ఆమె జుట్టులో పేడ ఎండిపోయి ఉంది.

“నువ్వొదిలిందేనా అది?” అన్నాడు మెల్లగా. “కుర్రోలెవులూ సూడనేదు. మీ అన్న సూసినాడు. సెవికి సిల్లుంది. అడివిజంతువు మనిసి కాడికి నడిసొచ్చి నిలబడతాదేటి? ఆడికి తెలిసిపోనాది. నన్ను పక్కకి పిలిసి, ‘ఆకలితో ఉన్నారు, ఎవులితోటీ అనకు, తీసుకెల్లిపో. నాను మాత్రం సెల్లెలి ముష్టి మోసుకుని ఊల్లోకి రాను. నాది నాను కొట్టుకునే దిగుతాను’ అన్నాడు. సెప్తే ఇన్నాడు కాదు.”

“ఎక్కడున్నాడు?”

బోడన్న వేలు చూపించాడు. కొండ భుజం మీద మూడు ఇళ్లంత నల్లబండ ఒకటి పైకి పొడుచుకొచ్చి ఉంది. దానిమీద చిన్నగా ఒక మనిషి కూర్చుని ఉన్నాడు.

నీలమ్మ గెడ్డలోకి దిగింది. మోకాలి లోతు నీళ్లు రావలసిన గెడ్డ, రెండ్రోజుల వాన తర్వాత, అరికాలు తడిసేలా పారుతోంది. కొండ మొదట్లో నిలబడి గొంతు పగిలేలా అరిచింది.

“అన్నా! అన్నా, దిగు! కొండ ఎల్లిపోతాది, దిగన్నా!”

పదేళ్లుగా మీటింగుల్లో మాట్లాడిన భాష ఎటు పోయిందో పోయింది. బండమీద మనిషి లేచి నిలబడ్డాడు. కిందికి చూశాడు. ఆమె రెండు చేతులూ ఊపింది.

“అన్నా! నాది తప్పు! అన్నా!”

అతను ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత విల్లు భుజానికి తగిలించుకుని బండమీంచి దూకాడు. దూకి, వెదుర్ల మధ్యనుంచి, ఆమె వైపు పరుగెత్తుకుంటూ దిగసాగాడు. దగ్గరవుతున్నకొద్దీ మొహం కనిపించింది. కోపం లేదు అందులో. ఏదో అంటున్నాడు కూడా, వినిపించలేదు.

అతను సగం దూరం వచ్చాక కొండ కదిలింది. పెద్ద చప్పుడేమీ రాలేదు మొదట. చెట్లు నిలువుగా నిలబడే, పొదలు పొదలుగానే, ఆకుల పాకలు పాకలుగానే, అన్నీ కలిసి కిందికి నడిచాయి. మంచం మీద దుప్పటిని కాళ్లవైపు నుంచి ఎవరో లాగినట్టు ముసలమ్మ మెట్ట చర్మమంతా ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. దొన్ను ఇంకా పరుగెత్తుతూనే ఉన్నాడు. కాళ్లకింద నేలే తనకంటే జోరుగా పరుగెడుతోందని అతనికి తెలిసేసరికి దుప్పటి మడతపడింది. ఆ మడతలోకి అతను పోయాడు. అప్పుడొచ్చింది చప్పుడు.

బోడన్న ఆమె జుట్టు పట్టుకుని గట్టుమీదికి ఈడ్చాడు. గెడ్డ నిండి, గట్టుకి మూరెడు కిందిదాకా వచ్చి మట్టి ఆగింది. నాలుగేళ్ల నీళ్లు దాని పక్కలనుంచి చిమ్మడం మొదలెట్టాయి. ఊరంతా గట్టుమీదికి చేరింది. డప్పులు ఎక్కడివక్కడ పడి ఉన్నాయి. కావడి దించిన చోట కొండగొర్రె పడి ఉంది, దాన్నెవరూ చూడలేదు.

కాసులమ్మ ఏడవలేదు. మగవాళ్లు గునపాలు పట్టుకుని మట్టిలోకి దిగబోయి, తొడల దాకా కూరుకుపోయి వెనక్కి వచ్చే దాకా అలాగే నిలబడి చూసింది. తర్వాత వచ్చి నీలమ్మ పక్కన కూలబడింది. కొడుతుందనుకుంది నీలమ్మ. కొట్టమనే తలవంచింది. వదిన చెయ్యి ఆమె భుజం మీద పడింది, మెత్తగా.

“నాను కూడా సూసినాను” అంది కాసులమ్మ. “నువ్వు పిలిసినావు. పిలిసిన ఎంటనే ఆడు లెగిసినాడు. రెండేల్లూ ఎన్నిసార్లన్నాడో, ‘అది నోరిప్పి ఒక్కసారి అన్నా అంటే సాలే, నాను అన్నీ మర్సిపోతాను’ అని. నీ ఫోటో బడిలో గోడకుంటే దారి మార్సుకుని అటే ఎల్లీవోడు. సచ్చీముందర ఆ మాట సెవినపడ్డాది. అంతే సాలు నాకు. ఈ ఊరోల్లెవులైనా నిన్ను ఒక్క మాటంటే నాను ఊరుకోను.”

ఎంతకాలమైందో అటువంటి మాట విని. నీలమ్మ ఆ చేతిమీద తన చెంప ఆనించబోయింది. దుమ్ము అప్పుడే అణిగి కొండ మళ్లీ కనబడుతోంది. జిగటమన్ను ఎర్రగా, నున్నగా, తోలు వలిచిన మాంసంలా ఉంది. ఒక్క చెట్టు లేదు. కొండ భుజం మీద మాత్రం నల్లబండ ఉంది. వీసమెత్తు కదల్లేదు. ఎలా కదులుతుంది? అది కొండ ఎముకలోంచి లేచిన రాయి. బూజు దాన్నేం పట్టదు, నీళ్లు దాన్నేం లాగవు. గొట్టాలు పాతించడానికి చోటు వెతుకుతూ ఆ రాయిని పటంలో స్వయంగా గుర్తుపెట్టింది కూడా తనే. పిలవకపోతే అన్న దానిమీద కూర్చునే ఉండేవాడు. ఇప్పుడు కూడా కూర్చునే ఉండేవాడు.

నోరు మూసుకుంటే వదిన చెయ్యి భుజం మీద ఉంటుంది. మూసుకోవాలనే అనుకుంది, అబద్ధమెందుకు. కానీ కాసులమ్మ తల ఎత్తి ఆమె చూస్తున్న వైపే చూస్తోంది. చాలాసేపు చూసింది.

“ఆ బండమీదేనా ఆడు కూకున్నాడు?” అని అడిగింది.

“ఔను వొదినా.”

“నువ్వు పిల్సినప్పుడు?”

“ఔను.”

కాసులమ్మ చెయ్యి తీసేసింది.